చికెన్‌గున్యా, చారు, మా ఆయన ఎం.బుక్కు

చికెన్‌గున్యా జ్వరం వారం తిరక్కుండానే తగ్గింది. కీళ్ల నొప్పులే నెలల తరబడి వదల్లేదు. పొద్దున్న లేస్తే పిడికిలి బిగిసేది కాదు. మణికట్టు వాచి గాజులు కదిలేవి కావు. మంచం దిగి నాలుగడుగులు వేయాలంటే గోడ పట్టుకోవాల్సిందే. 2006లో ఈ జ్వరం రాష్ట్రమంతా తిరిగినప్పుడు తప్పించుకున్నాను గానీ ఈసారి దొరికిపోయాను.

డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్ర వేసుకోవద్దన్నారు అమలాపురంలో డాక్టరు గారు. డెంగీ అయితే ఆ మాత్రల వల్ల రక్తస్రావం కావచ్చట. రిపోర్టులొచ్చాక, "దీనికంటూ ప్రత్యేకం మందు లేదమ్మా. రెస్టు తీసుకోండి, వేళ్లు మాత్రం మెల్లగా కదుపుతూ ఉండండి, ఓపిక పట్టాలి" అన్నారు. ఓపిక సరే, వంటిల్లు ఎవరు చూస్తారు?

మా ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా ధవళేశ్వరం నుంచి కోనసీమకి నీళ్లు తెచ్చే మధ్య డెల్టా కాలువల మీదే. వేసవిలో కాలువలు కట్టేస్తే పూడికతీత, లాకుల రిపేర్లు. నీళ్లు వదిలాక శివారు రైతుల గొడవలు. ఇంటిపట్టున ఉన్నది తక్కువ. అలాంటి మనిషి రోజంతా ఇంట్లో ఉండేసరికి నాకు ఊపిరాడలేదు. పదకొండయ్యేసరికి వంటింటి గుమ్మంలో నిలబడి "ఏం కూర?" అనేవారు. కూరలో తప్పులేదు, ఆ నిలబడ్డమే నాకు చిరాకు.

ఆ గుమ్మం దాటి లోపలికి రావాల్సొచ్చింది ఆయనకి.

"చారుకి చింతపండు ఎంతే?"

"నిమ్మకాయంతండీ."

"ఏ నిమ్మకాయ? మన చెట్టుదా, బజారుదా?"

నేను మంచం మీంచి నవ్వలేక నవ్వాను. నవ్వినా నొప్పే. ఆయన మాత్రం నవ్వలేదు. పాత డైరీలో ఎం.బుక్కు (చేసిన పనుల కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కు) రాసినట్టు గడులు గీసి బియ్యం, నీళ్లు, ఉప్పు, కుక్కరు విజిల్స్ అన్నీ ఎక్కించారు. రిమార్కుల గడిలో "ఉప్పు తక్కువ, ఇంటావిడ అభ్యంతరం" అని ఉంటుంది ఇప్పటికీ. ఒకరోజు కంద బచ్చలి ఆవకూర చేస్తానని కూర్చుని, చేతికి నూనె రాసుకోకుండా కంద చెక్కు తీశారు. మోచేతుల దాకా దురద. చింతపండు నీళ్లలో ఆయన చేతులు, గోరువెచ్చటి నీళ్లలో నా చేతులు. పక్కపక్కనే రెండు బేసిన్లు పెట్టుకుని సాయంత్రం సీరియల్ చూశాం.

వంటకన్నా జడే కష్టమైంది. దువ్వెన ఎత్తలేను. మొదట్లో మా పక్కింటి అమ్మాయి వచ్చి వేసేది. తను పుట్టింటికి వెళ్లాక ఆయనే వెనక కూర్చున్నారు. పడవకి మోకు పేనినట్టు మెలిపెట్టి రబ్బరుబ్యాండు బిగించారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా తలలో చిక్కెక్కడ పడుతుందో ఆయనకి తెలియదు. మెడ వెనక, ఎడమవైపు. ఇప్పుడు తెలుసు.

నాకు మాత్రం కూర్చుని తినడం చేతకాలేదు. నేను పుట్టింది లంకల గన్నవరం పక్క ఊళ్లో. డొక్కా సీతమ్మ గారు ఏ వేళకొచ్చినవాడికైనా అన్నం పెట్టిన చోటు. మా వైపు ఆడపిల్లకి వడ్డించడం నేర్పుతారు గానీ, ఒకరు వడ్డిస్తే తినడం నేర్పరు. ఆయన కంచం తెచ్చి పెడుతుంటే గొంతు దిగేది కాదు. మా ఆడపడుచు చూడ్డానికొచ్చి "అన్నయ్యచేత గరిటె పట్టించావా వదినా" అంది. నేను నోరు తెరిచేలోపే ఆయన, "ఆయ్, అట్లకాడ కూడా పట్టాను. నీకో అట్టు వెయ్యనా?" అన్నారు. వేశారు కూడా. చిరిగింది.

దోమల సంగతీ ఆయనే తీసుకున్నారు. ఈ జ్వరం తెచ్చే దోమ పగలు కుడుతుంది, నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. కోనసీమ పెరట్లో దానికి కొదవేముంది? బొండాల డొప్పలు, పూలకుండీల కింద పళ్లేలు, మూతలేని డ్రమ్ములు. శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లన్నీ పారబోసే రోజు అని ఆశా వర్కరు అమ్మాయి చెప్పి వెళ్తే ఈయన వీధంతా తిరిగి అందరి డ్రమ్ములూ బోర్లా కొట్టించారు. రిటైరయ్యాక అంత హుషారుగా చూడ్డం అదే.

ఇప్పుడు వేళ్లు ముడుచుకుంటున్నాయి. చలిగా ఉన్న పొద్దుల్లో బొటనవేలు ఇంకా పట్టేస్తుంది. పొద్దుటి కాఫీ, చారు, కుక్కరు ఆయనవి. పోపులు, పచ్చళ్లు నావి. నేను తిరిగి వంటింట్లోకి వెళ్లిన రోజున ఆవాల డబ్బా చోటు మారిందని పెద్ద గొడవే అయింది. డబ్బా ఆయన పెట్టినచోటే ఉంది. కంద చెక్కు తీయడం ఎవరి వంతో తేలక కంద కొనడం మానేశాం.