లాల్‌బాగ్ బండ నుంచి పిన్ని మేడ దాకా

జయనగర్‌లో ఉండే మా పిన్నికి మేడ మీద చిన్న రాతి తోట వేయాలని కోరిక. ఆ పని మీదే జూలైలో హిందూపురం నుంచి రైల్లో బెంగళూరు వెళ్లాను. మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కి లాల్‌బాగ్‌లో దిగాం. 1889 నాటి గ్లాస్ హౌస్ వైపు పోకుండా పిన్నిని నేరుగా కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీదికి తీసుకెళ్లాను. దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది. అప్పుడే వాన వెలిసింది. బండ మీద నీరంతా జారిపోయింది, పగుళ్లలో పిడికెడు గరుకు మట్టి పట్టుకుని గడ్డి నిలబడి ఉంది. నేను చూపించాలనుకున్నది అదే.

హిమాలయాల ఎత్తుల్లో సెడమ్, సాక్సిఫ్రేజ్ అనే చిన్న రాతి మొక్కలు బతికేదీ ఇలాగే. వేళ్లు కంకరలో లోతుకు పోతాయి, మెడ, అంటే కాండం వేరుతో కలిసే చోటు, పొడిగా ఉంటుంది. చలికాలమంతా మంచు కింద నిద్రపోతాయి. బెంగళూరు ఎత్తు 900 మీటర్ల పైచిలుకే. ఇక్కడ వెచ్చదనం, వాన కలిసి వస్తాయి కాబట్టి మెడ దగ్గరే కుళ్లు మొదలవుతుంది.

సిద్ధాపుర వైపు నర్సరీలో పనిచేసే పెద్దాయన మాది మదనపల్లె పక్క అన్నారు. సెడమ్ అడిగితే కొమ్మ తుంచి చేతిలో పెట్టారు. "రెండు దినాలు నీడలో ఆరబెట్టమ్మా. పచ్చి గాయంతో గుచ్చితే కుళ్లిపోతాది." సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, మొదలు చుట్టూ సన్న గులకరాళ్లు పరవమన్నారు. డయాంథస్ అనే పూలమొక్కకైతే మొగ్గలేని కొమ్మను కణుపు కింద కోసి, కింది ఆకులు తీసేయాలి. ఎంత ఓపికగా చెప్పారో!

జెన్షియన్ అనే కొండ పూలమొక్క విత్తనాలు నా దగ్గరే ఉన్నాయి. శరదృతువులో మొలిస్తే మంచుకు చచ్చిపోతాయి కాబట్టి, చలి గడిచేదాకా అవి లేవవు. ఆ చలిని మనమే ఇవ్వాలి. తడి ఇసుకలో కలిపి, పొట్లం కట్టి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఆరు వారాలు ఉంచాలి. పొడి ప్యాకెట్‌ను అలాగే పెడితే లాభం లేదు, గింజ తడి పీల్చుకుని ఉండాలి. ఫ్రీజర్‌లో అసలే వద్దు.

"కూరగాయల పక్కన ఇసుకేంటే?" అంది పిన్ని. చెప్పాక తనే పొట్లం మీద తేదీ రాసింది.

ట్రేలను మేడ మీద తూర్పు వైపు, రేకు కింద సర్దాం. అక్కడ పొద్దుటి ఎండ పడుతుంది, వాన పడదు. జెన్షియన్ పూస్తుందా అని అడిగింది. మొలవొచ్చు గానీ బెంగళూరు వేసవి దానికి కష్టమని, సెడమ్, డయాంథస్‌ల మీదే ఆశ పెట్టుకోమని చెప్పి రైలెక్కాను.