శీర్షిక దాచుకుంటే సంచిక మొత్తం ఉండిపోయింది

పాత తెలుగు పత్రికల్లో వెతికే సర్వీస్ ఒకటి మా టీమ్ కోసం నేనే గో భాషలో రాశాను. ఒక్కో రోజు సంచిక ఒక్కో ఫైలు, దాదాపు 2 ఎంబీ. ఫైలంతా స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) చదివి, పతాక శీర్షిక ముక్కను మాత్రం కోసి మ్యాప్‌లో (వెతుక్కునే పట్టికలో) పెట్టాలి. మిగతాదాన్ని గార్బేజ్ కలెక్టర్ (ఎవరూ వాడని మెమరీని ఖాళీ చేసే గో భాగం) ఊడ్చేస్తుందనుకున్నాను.

1,500 ఫైళ్లు దాటేసరికి మెమరీ 3 జీబీకి ఎక్కింది. సర్వర్‌లో ఉన్నదే 4. రాత్రి సర్వీస్ పడిపోయేది, పొద్దున మాదాపూర్ ట్రాఫిక్‌లో ఉండగానే ఫోన్ మోగేది. వారం రోజులు ఇదే టెన్షన్.

మెమరీ లెక్క చూపే గో టూల్ పీప్రాఫ్ తెరిస్తే మెమరీ అంతా ఫైలును స్ట్రింగ్‌గా మార్చే లైన్ మీదే కనిపించింది. రెండు రోజులు ఆ లైన్ చుట్టూనే తిరిగాను. అక్కడ తప్పేమీ లేదు. మెమరీ ఎక్కడ పుట్టిందో పీప్రాఫ్ చూపిస్తుంది కానీ, దాన్ని వదలకుండా పట్టుకున్నది ఎవరో చెప్పదు.

పక్క సీటు అన్న చాలా ఏళ్లుగా జావా భాషలో కోడ్ రాస్తున్నాడు. నా కోడ్ చూసి, "ముక్క కోశావు సరే, కాపీ చేశావా తమ్ముడూ?" అన్నాడు. జావాలోనూ ఒకప్పుడు సబ్‌స్ట్రింగ్ (స్ట్రింగ్‌లోంచి కోసిన ముక్క) పాత స్ట్రింగ్ అక్షరాలున్న అరేనే పంచుకునేది. 2012లో వచ్చిన జావా 7 అప్‌డేట్ 6 నుంచి కాపీ చేస్తోంది.

గోలో స్ట్రింగ్ అంటే ఒక చిరునామా, ఒక పొడవు. 64 బిట్ మెషీన్‌లో 16 బైట్లు. ముక్క కోస్తే అక్షరాలు కాపీ కావు, చిరునామా పాత స్ట్రింగ్ మధ్యలోకి చూపిస్తుంది, అంతే. అందుకే అంత వేగం. కానీ ఆ ముక్క ఉన్నంతకాలం సంచిక మొత్తం మెమరీలోనే ఉంటుంది.

కాగితం మీద లెక్క వేశాను. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ (అక్షరం, గుణింతపు గుర్తు లాంటివి) ఒక్కోటి 3 బైట్లు. "హైదరాబాద్"లో 9 ఉన్నాయి, అంటే 27 బైట్లు. 60 కోడ్ పాయింట్ల శీర్షిక మహా అయితే 180 బైట్లు. దానికోసం 2 ఎంబీ మోస్తున్నాను!

ముక్కను విడిగా కాపీ చేసే ఫంక్షన్, 2022లో గో 1.18తో వచ్చిన స్ట్రింగ్స్ డాట్ క్లోన్ వాడాను. మొదట భయంతో ప్రతి ముక్కకూ పెట్టేశాను, ఫైళ్లు చదవడం నెమ్మదించింది. అన్నీ తీసేసి మ్యాప్‌లో పెట్టేచోట ఒక్కటే ఉంచాను. మెమరీ 200 ఎంబీ దగ్గర ఆగింది.

ఈ విషయంలో నాకు స్విఫ్ట్ భాష పద్ధతే నచ్చుతుంది. అక్కడ సబ్‌స్ట్రింగ్ వేరే టైప్, స్ట్రింగ్‌గా మార్చకుండా స్ట్రింగ్ ఫీల్డ్‌లో పెడితే కంపైలరే ఒప్పుకోదు. గోలో ఆ కాపలా లేదు కాబట్టి ఆ లైన్ పైన తెలుగులోనే కామెంట్ రాశాను: "క్లోన్ తీయొద్దు, సంచిక మొత్తం ఉండిపోతుంది."