ఆయనకి పొద్దున్నే, నాకు రాత్రి

మా తమ్ముడికి ఎవరూ లేకపోయినా చెవిలో మాటలు వినిపిస్తాయి. వాణ్ణి తీసుకెళ్ళే థెరపీ గ్రూపు నుంచి ఇవాళ వచ్చేటప్పుడు ఒక మాటన్నాడు. అది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

ముందు నా గోల. ఆ గ్రూపుకి ఒక పెద్దాయన వస్తారు. గంటలో నలభై నిమిషాలు ఆయనే. బయట బెంచీ మీద కూర్చున్న నాకు మాటలు తెలియవు గానీ ఆ గొంతు తెలుస్తూనే ఉంటుంది. ఎనిమిది మందిలో మావాడి వంతుకి ఏం మిగులుతుంది? మూడు నెలలుగా వారం వారం సెలవు పెట్టి తీసుకెళ్తున్నది వాడు నేలచూపులు చూసి రావడానికా? ఇవాళ థెరపిస్టుని అడిగేశాను కూడా. ఆవిడ నవ్వి "మీవాడు వస్తున్నాడు కదండీ" అంది. ఒళ్ళు మండింది. రావడం కూడా ఒక గొప్పేనా!

గొప్పేలెండి. మందులతో వాడి చెవిలో మాటలు చాలా తగ్గాయి. కానీ దేని మీదా ఆసక్తి లేకపోవడం, మనుషుల్లో కలవకపోవడం ఉన్నాయే, నెగటివ్ సింప్టమ్స్ అంటారు, వాటి మీద మందులు అంతగా పనిచెయ్యవు. చొక్కా మార్చుకుని గడప దాటడానికే వాడికి సగం రోజు పడుతుంది.

దారిలో అడిగాను, ఆయనతో విసుగు రాదా అని. "ఆయన మాట్లాడుతుంటే బావుంటుంది, నన్నెవరూ అడగరు" అన్నాడు. కాసేపాగి, "ఆయనకి పొద్దున్నే వినిపిస్తాయట. నాకు రాత్రి."

పన్నెండేళ్ళయింది. రాత్రిపూట అని నాకు తెలీదు.

మొదటిసారి చెప్పినప్పుడు వాడికి పంతొమ్మిది. కిటికీ కింద ఎవరో తిడుతున్నారన్నాడు. నేను టార్చి తీసుకుని, వాడి చెయ్యి పట్టుకుని కిందకి లాక్కెళ్ళాను. గోడ చుట్టూ తిప్పాను. చెట్టు వెనక, నీళ్ళ తొట్టి వెనక లైటు వేసి "ఏరీ, చూపించు" అన్నాను. "ఎవరూ లేరక్కా" అన్నాడు బుద్ధిగా. గెలిచాననుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడడిగినా అదే జవాబు, అదే బుద్ధి. రాత్రంతా లైటు ఆర్పడని, కరెంటు బిల్లు చూపించి సాధించేవాళ్ళం కూడా.

నెదర్లాండ్స్‌లో మారియస్ రోమ్ అనే సైకియాట్రిస్టు 1987లో తన పేషెంటుతో కలిసి టీవీలో కూర్చుని, మాటలు వినిపించేవాళ్ళుంటే చెప్పండని అడిగితే వందలమంది ముందుకొచ్చారు. అలాంటివాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే గ్రూపులకి అదే మొదలు. టార్చి పట్టుకుని ఎవరూ నిలబడలేదు మరి.

థెరపిస్టుకి సారీ చెప్పాలా? చెప్పను. పెద్దాయన ఇరవై నిమిషాలు తగ్గించుకోవచ్చు, ఇప్పటికీ నా మాట అదే. కానీ ఆయన తగ్గిస్తే మావాడిని అడుగుతారేమో. వద్దులే, మాట్లాడనీ.

పన్నెండు దాటింది. వాడి గదిలో లైటు వెలుగుతోంది. మంచినీళ్ళ వంకతో రెండుసార్లు ఆ తలుపు దాకా వెళ్ళొచ్చాను.