నీడ దక్షిణానికి పడిన రోజు

రోహిణి కార్తెలో అడవికి పోయేవాళ్లుంటారా అని మా ఆవిడ అడిగింది. నిజమే, రోళ్లు పగిలే ఎండలని పేరుపడ్డ కార్తె. కానీ లెక్కల టీచరుకు తీరిక దొరికేది వేసవి సెలవుల్లోనే. పైగా మా బామ్మర్ది ఇంటి పని మేస్త్రీ రాక ఆగిపోయింది. వాడు రోజూ మా ఇంటికొచ్చి వాస్తు మాట్లాడుతున్నాడు. నెల కిందటే హన్మకొండలో వాడి ప్లాటుకు ముగ్గు పోశారు. దిక్సూచి పెట్టి ఈశాన్యం మూల కోసం రెండు గంటలు చర్చించారు. ఆ చర్చ ఇంకా అయిపోలేదు. అడవిలో తిప్పుకొస్తే కాస్త తగ్గుతుందని నా ఆశ.

తెల్లవారుజామున నాలుగున్నరకు బండి తీశాం. ములుగులో చాయ్ తాగుతుంటే పొద్దు పొడిచింది. "అదిగో బావా, తూర్పు" అన్నాడు గ్లాసు పట్టుకున్న చేయి చాపి. నేనూ ఊఁ అన్నాను. ఆ ఊఁ ఎంత తప్పో సాయంత్రానికి గానీ తెలియలేదు.

జంగాలపల్లి, పస్రా దాటి తాడ్వాయి చేరేసరికి ఏడు కావస్తోంది. ముందు దామరవాయి వెళ్లి రాకాసి గుళ్లు చూశాం. బృహత్ శిలాయుగం నాటి సమాధులవి. రాతి పలకలు నాలుగు వైపులా నిలబెట్టి, పైన ఇంకో పెద్ద బండ కప్పినట్టు ఉంటాయి. ఆ బండలు మనుషులు మోశారంటే నమ్మబుద్ధి కాక జనం రాకాసులకు అంటగట్టారు. వాటి గురించి వేరుగా రాయాలి, ఇక్కడ ఇరికిస్తే అన్యాయం.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. తిరుగు దారిలో ఒక మట్టిరోడ్డు పక్కన బండి పెట్టి, కాస్త లోపలికి పోయి చూద్దామని అడవిలోకి దిగాం. రోడ్డు మాకు ఉత్తరాన ఉందని మాత్రం గుర్తు పెట్టుకున్నాను. తునికాకు ఏరేవాళ్లు నడిచిన బాట ఒకటి దొరికింది. అది రెండైంది, తర్వాత నాలుగైంది, తర్వాత బాటే లేదు. ఎండాకాలం గనుక టేకు చెట్లన్నీ ఆకు రాల్చి ఒక్కలాగే ఉన్నాయి. తొమ్మిదిన్నరకు ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

నా ఫోన్ బండి ట్యాంకు కవరులో ఎండకు కాగి అప్పటికే ఆగిపోయింది. వాడి ఫోన్‌లో సిగ్నల్ లేదు. మ్యాపు తెరిస్తే తెల్లటి తెర మీద నీలం చుక్క ఒక్కటే. సరే, దిక్సూచి యాప్ ఉంది కదా అని తెరిచాడు. ఉత్తరం ఒకసారి వాడి ముందుంది, ఒక అడుగు వేస్తే వెనకుంది. ఫోన్ కవరు మూసుకోవడానికి అయస్కాంతం బిళ్ల ఉంటుందని, యాప్ దాని చుట్టూ తిరుగుతోందని కాసేపటికి గానీ వెలగలేదు. కవరు తీసేద్దామనుకునే లోపు బ్యాటరీ అయిపోయింది. టెన్షన్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"లెక్కల సారువు గదా బావా, జర లెక్క కట్టి చెప్పు" అన్నాడు.

నాకు స్కౌట్స్‌లో నేర్చుకున్నది గుర్తొచ్చింది. చేతి గడియారం బల్లపరుపుగా పట్టుకోవాలి. చిన్నముల్లు పొద్దు వైపు తిప్పాలి. ముల్లుకూ పన్నెండు అంకెకూ మధ్యనున్న కోణాన్ని సగం చేస్తే అది దక్షిణం. దానికి వెనకవైపు ఉత్తరం. అట్లాగే చేసి ధీమాగా నడిచాను. దారిపొడవునా వాడికి పాఠం కూడా చెప్పాను. నడిపొద్దుకు నీడ ఎప్పుడైనా ఉత్తరానికే పడుతుంది, కనక అసలు దారి తప్పడమనేదే ఉండదు అని.

నలభై నిమిషాలు నడిచినా రోడ్డు రాలేదు. ఎండిపోయిన వాగొకటి అడ్డం వచ్చింది. వచ్చేటప్పుడు మేము ఏ వాగూ దాటలేదు.

ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేసి చూస్తే నాకే నవ్వొచ్చింది. ఆ గడియారం చిట్కా యూరప్ లాంటి చోట్ల పుట్టింది. అక్కడ పొద్దు తూర్పున పొడిచి, దక్షిణం మీదుగా వాలుగా తిరిగి, పడమట గూకుతుంది. మన దగ్గర ఎండాకాలం చివర్లో పొద్దు దక్షిణం ముఖమే చూడదు. తూర్పు నుంచి నిట్టనిలువుగా ఎక్కి నెత్తి మీదికి వచ్చేస్తుంది. తొమ్మిదిన్నరకు నా గడియారం లెక్కలో పొద్దు ఆగ్నేయానికి దగ్గర్లో ఉండాలి. నిజానికి అది తూర్పుకు ఇంకా పది డిగ్రీలు ఉత్తరంగానే ఉంది. మొత్తం మీద తేడా 60 డిగ్రీల పైన. అంటే నేను ఉత్తరమనుకుని వాయవ్యం కూడా దాటి, ఇంచుమించు పడమరకు నడిపించాను. పాఠం చెబుతూ మరీ.

వాగు ఒడ్డున కూర్చున్నాం. ఒక సీసా నీళ్లు అయిపోయాయి, రెండోది సగం ఉంది. ఇంక నడవకూడదు, ముందు దిక్కు తేల్చాలి అనుకున్నాను. వాగులో ఇసుక చదునుగా, శుభ్రంగా ఉంది. ఎండిన కర్రల్లో తిన్ననిది ఏరి, మీటరు పొడవు పైకి ఉండేటట్టు నిటారుగా పాతాను. నిటారుగా ఉందో లేదో చూడటానికి మా బామ్మర్ది తన బండి తాళంచెవిని దారానికి కట్టి వేలాడదీశాడు. ఇల్లు కట్టిస్తున్నాడు కదా, మేస్త్రీలు గోడకు వేలాడదీసే గుండు చూసీ చూసీ వచ్చిన తెలివి. పది యాభైకి నీడ కొస దగ్గర ఒక గులకరాయి పెట్టాం. అరగంట ఆగి, కొస ఎక్కడికి పోతే అక్కడ ఇంకో రాయి. బెత్తెడుకు పైనే కదిలింది. రెండు రాళ్లనూ కలుపుతూ ఇసుకలో గీత గీశాను.

ఆ గీత తూర్పు పడమరలు. పొద్దు తూర్పు నుంచి పడమరకు పోతుంది గనుక నీడ పడమర నుంచి తూర్పుకు పోతుంది. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. పడమటి రాయి ఎడమ చేతికి, తూర్పు రాయి కుడి చేతికి వచ్చేటట్టు నిలబడితే ముఖం ఉత్తరానికి ఉంటుంది.

నిలబడ్డాను. మా బామ్మర్ది గీతను, కర్రను మార్చి మార్చి చూశాడు.

"బావా, నీడ ఉత్తరానికి పడ్తదంటివి. నువ్వు చూపెట్టే ఉత్తరం అటుంది, నీడ కొస నీ కాళ్ల దిక్కుంది."

వాడన్నది నిజం. గీత కర్రకు రెండు మూడు వేళ్ల దూరంలో, నా వైపు ఉంది. అంటే నీడ కొంచెం దక్షిణానికి పడుతోంది. దారిపొడవునా నేను చెప్పిన పాఠం ఒకటి, ఇసుకలో కనిపిస్తున్నది ఇంకొకటి. రెండిట్లో ఒకటి తప్పు. తప్పు దాన్ని నమ్మి నడిస్తే రోడ్డుకు సరిగ్గా ఎదురు దిక్కున, ఇంకా లోపలికి పోతాం. చెమటలు అంతకుముందే పట్టి ఉన్నాయి గనుక కొత్తగా పట్టినవి కనిపించలేదు.

అప్పుడు డాబా మీది స్టీలు గ్లాసు గుర్తొచ్చింది. మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం మా అబ్బాయి నన్ను పైకి లాక్కుపోయి, బోర్లించిన గ్లాసు చుట్టూ నీడే లేదని చూపించాడు. ఆ రోజు పొద్దు సరిగ్గా నెత్తి మీద ఉంది. వరంగల్ ఇంచుమించు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. పొద్దు జూన్ 21 దాకా ఉత్తరానికి పోతూనే ఉంటుంది, ఇరవై మూడున్నర డిగ్రీల దాకా. దారిలో మే రెండో వారంలో మన నెత్తి మీదుగా దాటిపోతుంది. మళ్లీ జులై చివర్లో తిరిగొస్తుంది. ఈ మధ్య రెండున్నర నెలలూ నడిపొద్దు మనకు ఉత్తరాన ఉంటుంది, కనక నీడ దక్షిణానికి పడుతుంది. ఢిల్లీలో ఉన్నవాళ్లకు ఈ వింత ఎప్పుడూ జరగదు, పొద్దు వాళ్ల దాకా పోదు. గ్లాసు చూసి రెండు వారాలైంది. అంటే పొద్దు మమ్మల్ని దాటేసింది. ఇసుకలోది నిజం, నా పాఠం తప్పు.

"నీడ ఎటు పడ్డా సరే, ఎటు నుంచి ఎటు జరిగిందో అదే చూడు. అది ఏ నెలలోనూ మారదు" అన్నాను. నాకు నేనే చెప్పుకున్నాననుకోండి.

అయితే ఈ గీత కూడా ఏ వేళకు గీసినా సరిపోదు. అదే కర్ర పొద్దున ఎనిమిదికి పాతి ఉంటే మే నెలాఖరులో గీత 18 డిగ్రీల దాకా వంకర వచ్చేది. పదకొండు ప్రాంతంలో చేశాం గనుక అయిదు డిగ్రీలకు అటూఇటూ వచ్చింది. తెలివి కాదు, అదృష్టం.

ఎదురుగా దూరంగా ఒక ఇప్పచెట్టును గురి పెట్టుకున్నాం. దాని దగ్గరికి పోయాక అదే వరసలో ఇంకో చెట్టు. అట్లా చెట్టు నుంచి చెట్టుకు. పన్నెండు దాటి అయిదారు నిమిషాలైనప్పుడు ఆగి చూస్తే మా నీడలు చెప్పుల కిందే ఉన్నాయి. ఇంకాసేపటికి మట్టిరోడ్డు కనిపించింది. బండి మాత్రం లేదు. అది తూర్పున చాలా దూరంలో ఉందని తర్వాత తెలిసింది.

రోడ్డు పక్కన తునికాకు కల్లం ఉంది. ఆడవాళ్లు యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి వరసలుగా ఎండబెడుతున్నారు. తెల్లారకముందే అడవికి పోయి, ఎండ ముదిరేసరికి తిరిగొచ్చే పని అది. మమ్మల్ని చూడగానే ఒక పెద్దామె బిందె దగ్గరికి జరిపింది. "తాగుండ్రి బిడ్డా, మొఖాలు గుంజుకపోయినయ్." తాగాక మా కథ చెప్పాం. గడియారం దగ్గరికి వచ్చేసరికి కల్లమంతా నవ్వింది.

"మరి మీకు దారి తప్పితే ఎట్లమ్మా?" అని అడిగాను.

"వాగు మీద పడితే వాగెంబడి నడుస్తం. ఎక్కడనో ఓ కాడ ఊరు తగుల్తది."

ఇక్కడి వాగులన్నీ ఆఖరికి గోదావరిలో కలిసేవే. మేము అరగంట సేపు వాగులోనే కూర్చుని ఉత్తరం వెతికాం. మా బామ్మర్ది నా వైపు చూడకుండా ఇంకో చెంబు నీళ్లు తాగాడు.

వచ్చేటప్పుడు పాలంపేటకు తిరిగి రామప్ప గుడి దగ్గర ఆగాం. అయిదు దాటింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇవన్నీ బోర్డు మీద ఉన్నాయి. ఆ రోజు నేను చూసింది వేరు. గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. సాయంత్రం కదా, దాని నీడ తిన్నగా ముందుకు పడాలి అనుకుంటాం. పడలేదు. దక్షిణానికి ఒరిగి, మూలగా పోయింది. పొద్దు పడమరకు బాగా ఉత్తరంగా వాలుతోంది మరి. పొద్దున ములుగులో మేము చూసిన "తూర్పు" కూడా అంతే, అసలు తూర్పుకు 22 డిగ్రీలు ఉత్తరాన ఉంది. దాన్ని నమ్మి తూర్పుకని బయలుదేరితే కిలోమీటరుకు 370 మీటర్లు పక్కకు పోతాం. సూర్యుడు సరిగ్గా తూర్పున పొడిచేది ఏడాదిలో రెండే రోజులు, మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి.

మరి పొద్దు రోజుకో చోట పొడుస్తుంటే గుడి కట్టేవాళ్లు తూర్పు ఎట్లా తేల్చుకునేవాళ్లు? నేల చదును చేసి మధ్యలో శంకువు అనే నిటారు కర్ర ఒకటి నిలబెడతారు. దాని చుట్టూ వృత్తం గీస్తారు. ఉదయం నీడ కుదించుకుంటూ ఎక్కడ వృత్తాన్ని తాకిందో ఒక గుర్తు. మధ్యాహ్నం తర్వాత పెరుగుతూ మళ్లీ ఎక్కడ తాకిందో ఇంకో గుర్తు. రెండిటినీ కలిపితే తూర్పు పడమరలు. ఆ గుర్తుల నుంచి రెండు వంపులు గీస్తే చేప ఆకారం వస్తుంది. చేప తల నుంచి తోకకు గీసిన గీతే ఉత్తర దక్షిణాలు. సూర్యసిద్ధాంతంలో పన్నెండు అంగుళాల (అక్కడ అంగుళమంటే వేలి వెడల్పు) శంకువుతో ఇదే చెప్పారు. పొద్దుటి వంకర, సాయంత్రపు వంకర ఒకదాన్నొకటి కొట్టేస్తాయి గనుక ఏ నెలలో చేసినా సరిగ్గా వస్తుంది. శంకుస్థాపన అనే మాటలో ఉన్నది ఆ శంకువే.

ఇది చెప్పడం నా తప్పు. "నా ప్లాటుకు శంకువు పెట్టిన్రు గని, నీడ ఎవ్వలు చూడలె" అన్నాడు బామ్మర్ది. హన్మకొండ వచ్చేదాకా ఇంకో మాట లేదు.

తర్వాతి ఆదివారం వాడి ప్లాటులో ముగ్గుతో వృత్తం గీశాం. పొద్దున గుర్తు పెట్టాం. రెండు గంటలకు మబ్బు కమ్మింది, నీడే లేదు. మిరుగు (మృగశిర కార్తె) నాడు మళ్లీ మొదలుపెట్టాం. తొమ్మిది నలభైకి మొదటి గుర్తు. మధ్యాహ్నం అందరిలాగే చేపల పులుసు తిని వచ్చి కాపలా కూర్చున్నాం. రెండు నలభై దాటుతుంటే నీడ మళ్లీ ముగ్గును తాకింది. పులుసు తిన్న చేతులతోనే నేల మీద చేప గీసి, దారం లాగి, పునాది గోడ పక్కన పట్టి చూశాం. ముప్ఫై అడుగుల పొడవున నాలుగు వేళ్ల తేడా వచ్చింది.

అన్నాళ్లకు ఆ రోజే పనికి వచ్చిన మేస్త్రీ బీడీ పారేసి, దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"ఏం గాదు సార్. ప్లాస్టర్‌ల సర్దుకుంటది."