రుద్రమ ఎవరి కూతురు

రాత్రి పదింటికి మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాడు. "అత్తా, రుద్రమదేవి కాకతీయ రాజు గణపతిదేవుడి కూతురా, భార్యా? మార్కో పోలో భార్య అని రాశాడంట కదా" అన్నాడు. కూతురేరా అన్నాను. "మరి అంత తిరిగినవాడు తప్పెందుకు రాస్తాడు? నీకెలా తెలుసు?" అని పట్టుకున్నాడు. రేపు చెబుతానని పెట్టేశాను గానీ సరిగా నిద్ర పట్టలేదు. నిడదవోలులో పుట్టి పెరిగినదాన్ని. రుద్రమను పెళ్ళాడిన చాళుక్య వీరభద్రుడు మా ఊరి రాజకుమారుడు. శాసనాల్లో నిరవద్యపురం అని కనిపించే ఊరు ఇదే. మా పెద్దవాళ్ళు ఆమెను "మనూరి కోడలు" అనే చెప్పుకునేవాళ్ళు. కోడలి పుట్టింటి సంగతి అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి కదా.

ఇవాళ ఆదివారం. పొలం కాయితాల మీద పిన్ని సంతకం కావాలని పాలకొల్లు బయల్దేరాను. నోట్సు పుస్తకం కూడా సంచిలో పడేసుకున్నాను. నరసాపురం పాసింజర్లో కిటికీ పక్క సీటు దొరికింది. తణుకు దాటాక రెండు వైపులా దాళ్వా నాట్లు, అంటే రెండో పంటవి. నీళ్ళలో వంగి ఆడవాళ్ళు, గట్ల మీద నారు కట్టలు. అత్తిలి వచ్చేదాకా వాళ్ళనే చూస్తూ కూర్చుని, ఆ తర్వాత పుస్తకం తీశాను.

ముందు ఆ వెనిస్ యాత్రికుడు మార్కో పోలో సంగతి. చీరాల దగ్గరి మోటుపల్లిని ఆయన ముత్ఫిలి అన్నాడు. అక్కడి రాజు పోయి నలభై ఏళ్ళయిందని, అప్పటినుంచి రాణే ఏలుతోందని, భర్త మీది ప్రేమతో ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని, న్యాయంగా పాలిస్తోందని రాశాడు. ఆమెను ఎంత మెచ్చుకున్నాడో చదివితే సంతోషంగానే ఉంటుంది. కానీ లెక్క కుదరదు. ఆయన చైనా నుంచి సముద్రం మీద తిరుగు ప్రయాణం కట్టింది 1290ల మొదట్లో. అందులోంచి నలభై తీసేస్తే 1250 దగ్గరికి వస్తాం. అప్పటికి గణపతిదేవుడు బతికే ఉన్నాడు, రాజ్యం చేస్తున్నాడు. ఇంకో సంగతి, నల్గొండ వైపు చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించాడు. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారని, వాళ్ళ పుణ్యం కోసం భూమి ఇస్తున్నానని అందులో ఉంది. అంటే ఆ ఓడ మన తీరం వైపు వచ్చేనాటికే ఆమె లేదు. రేవులో వర్తకులు చెప్పుకునే మాటలు విని రాసి ఉంటాడు. విన్నది రాసినవాణ్ణి నేనేమీ అనను. కానీ ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని రుద్రమను తండ్రికే భార్యను చేసి చదువుకున్నవాళ్ళున్నారు. తర్వాతి కాలపు కథనాలు కొన్ని కూడా అదే పాట పాడాయి. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

రాయి ఏమంటోందో చూడాలి. మల్కాపురం శాసనం, 1261. తుళ్ళూరు వైపు ఉంది ఆ ఊరు. శైవుల గోళకీ మఠం గురువు విశ్వేశ్వర శంభువుకు గణపతిదేవుడు కృష్ణ ఒడ్డున మందడం ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ మాటను దానంగా చేసి చెల్లించింది ఆయన కూతురు రుద్రమదేవి. దానికి తోడు వెలంగపూడి కూడా ఇచ్చింది. ఇవాళ సచివాలయం ఉన్న వెలగపూడి, పక్కనే ఉన్న మందడం అవే ఊళ్ళు. ఆ దానంతో అక్కడ ఏమేం నడిచాయో కూడా రాయించారు: వేదం చెప్పేవాళ్ళు, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల. ప్రసూతిశాల అన్న మాట దగ్గర నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను. ఏడు వందల యాభై ఏళ్ళ కిందట పురుడు పోయడానికి ఒక చోటు, దానికి మాన్యం! అలాంటి రాతలోనే ఆమె ఎవరి బిడ్డో కూడా ఉంది. కథలుగా చెప్పుకునే మాట కాదు అది. ఆమె బతికుండగా, ఆమె దానం పేరు మీద, జనం ముందు నిలబెట్టిన రాయి. తండ్రి పేరు తప్పు రాయిస్తుందా?

రుద్రమ తర్వాత ఏలిన ప్రతాపరుద్రుడి ఆస్థాన కవి విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయం కూడా ఇటే నిలబడుతుంది. కూతురికి గణపతిదేవుడు రుద్రుడని మగపేరు పెట్టుకున్నాడని అందులో ఉంది. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు అని కనబడుతుంది కాబట్టి ఆ మాట అతుకుతుంది. పైగా ప్రతాపరుద్రుడు ఎవరు? రుద్రమ కూతురు ముమ్మడమ్మ కొడుకు. రుద్రమ గణపతిదేవుడి భార్య అయితే మా నిడదవోలు వీరభద్రుణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలి?

మరి నలభై ఏళ్ళు, వితంతువు, మళ్ళీ పెళ్ళాడని రాణి... ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయి? నాకో ఆలోచన ఉంది. గణపతిదేవుడికి ఇంకో కూతురుంది, గణపాంబ. ధరణికోట పాలించిన కోట బేతరాజుకు ఇచ్చారు. భర్త పోయాక ఆమే ఆ సీమను చూసుకుంది. గుంటూరు దగ్గర యనమదలలో ఆమె శాసనం ఉంది. శక సంవత్సరం 1172, అంటే 1250. భర్త పేరు మీద ఒక గుడి, తండ్రి పేరు మీద ఒక గుడి కట్టించింది. 1250కి నలభై కలిపి చూడండి. మోటుపల్లి రేవుకు ధరణికోట ఎంతో దూరం కాదు. అక్కను, చెల్లిని కలిపి ఒకే రాణిగా చెప్పుకున్న మాటే ఆ విదేశీయుడి చెవిన పడి ఉంటుందని నా మనసుకు గట్టిగా అనిపిస్తుంది. ఒకరి వైధవ్యం, ఇంకొకరి కిరీటం. ఇది నా ఊహ అని మేనల్లుడికి విడిగా చెప్పాలి, పరీక్షలో రాసేస్తాడు.

పాలకొల్లులో దిగేసరికి పదకొండు దాటింది. పిన్ని ఇల్లు క్షీరారామానికి దగ్గరే. ముందు గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాను. తొమ్మిది అంతస్తుల గోపురం కింద చెప్పులు విప్పుతుంటే ఎప్పటిలాగే పాలు అమ్మే అమ్మాయి పలకరించింది. మండపం స్తంభాల మీద చాళుక్యుల కాలం అక్షరాలున్నాయి. కొన్నిటి మీద సున్నం పట్టింది. వేలితో తడుముతుంటే పూజారి గారు "చదవగలరాండి?" అన్నారు. సగం సగం అన్నాను. "మా చిన్నప్పుడు ఒకాయన వచ్చి కాగితం అద్ది నల్లరంగు పూసి తీసుకెళ్ళేవారండి" అన్నారాయన. అలా తీసుకెళ్ళినవాళ్ళకు దణ్ణం పెట్టాలి. వాళ్ళే లేకపోతే మల్కాపురం రాయి గానీ చందుపట్ల రాయి గానీ నాకెలా తెలిసేవి?

పిన్ని పనసపొట్టు కూర చేసింది. భోజనాలయ్యాక కాయితాలు ముందు పెట్టాను. పాత దస్తావేజులో మా జేజమ్మ పేరు పక్కన భర్త పేరే ఉంది. వారసుల వివరాలకు ఆమె తండ్రి పేరు కావాలన్నారు. పిన్ని చాలాసేపు ఆలోచించి, "ఆచంట వైపు పిల్లే, ఇంటిపేరు గుర్తు రావట్లేదే" అంది. కాసేపటికి "మా అమ్మ పుణ్యక్షేత్రాలకెళ్ళినప్పుడు సంకల్పంలో గోత్రాలు రెండూ చెప్పించేది, ఆ పాత పుస్తకంలో ఉంటాయేమో" అని ట్రంకు పెట్టె తీయించింది. పుస్తకం దొరికింది, అందులో ఆ ఇంటిపేరూ దొరికింది. పిన్ని కళ్ళు చెమర్చాయి. సంతకం పెట్టి, ఆ పేరు నా నోట్సులో కూడా రాయించింది. మల్కాపురం పేజీకి పక్కనే పడింది.

సాయంత్రం ఇంటికొచ్చి మేనల్లుడికి వాయిస్ మెసేజ్ పెట్టాను. కూతురే, ఇదిగో ఈ ఆధారాలు, ఇదిగో నా ఊహ అని వేరువేరుగా చెప్పాను. పది నిమిషాల్లో ఫోన్. "మరి వాళ్ళమ్మ ఎవరత్తా? మా మెటీరియల్లో సోమాంబ అని ఉంది" అన్నాడు. వాడు భలే ప్రశ్నలు వేస్తున్నాడు ఈమధ్య.

అమ్మ దగ్గరే దారి సన్నబడుతుంది. దివిసీమ గెలిచాక గణపతిదేవుడు అక్కడి అయ్య వంశంలో నారాంబ, పేరాంబ అనే అక్కాచెల్లెళ్ళను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ అన్నదమ్ముడే జాయప సేనాని, నృత్తరత్నావళి రాసినవాడు. ఆ పెళ్ళిళ్ళ సంగతి జాయప శాసనం చెబుతుంది. సోమాంబ పేరు జనంలో బాగా నాటుకుంది. అయినా తండ్రికి మల్కాపురం రాయి ఉన్నట్టు తల్లికి కూడా ఒక రాయి ఉంటేనే నేను గట్టిగా చెబుతాను. బిట్లు రాసేటప్పుడు మెటీరియల్లో ఉన్నదే పెట్టుకో, నీ సొంత నోట్సులో మాత్రం "సోమాంబ అంటారు" అని రాసుకో, అన్నాను. "సరే అత్తా, మరి వీరభద్రుడి సంగతి?" అన్నాడు. ఆయన గురించి చెప్పే రాళ్ళు తక్కువ. జుత్తిగ సోమేశ్వరుడి గుడి దాకా ఇద్దరం కలిసి వెళ్దాం, పరీక్ష అయ్యాక, అన్నాను. పెనుమంట్ర మీదుగా బస్సు ఉందో లేదో కనుక్కుంటానన్నాడు.