వచ్చాడా, వచ్చిండా: తెలుగు నేర్చుకున్నవాళ్ల తెలుగు మీద నా పీహెచ్‌డీ

భాషాశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరబోతున్న జూనియర్లు కొందరు "అసలు రోజూ ఏం పని ఉంటుంది అక్కా" అని అడుగుతున్నారు. నెట్, ఇంటర్వ్యూ, ఫెలోషిప్ సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అవి వదిలేస్తా. పని గురించే రాస్తా.

నా టాపిక్ చిన్నది. హైదరాబాద్ వచ్చి ఉంటున్న హిందీ, ఒడియా వాళ్లు తెలుగు నేర్చుకుంటే ఏ తెలుగు నేర్చుకుంటున్నారు? వచ్చాడు అంటున్నారా, వచ్చిండు అంటున్నారా? దీని మీద అన్నేళ్లా అని మా నాన్నకి ఇప్పటికీ అనుమానమే.

మొదటి ఏడాదంతా చదవడం. ఒకే మాటని ఒకే ఊళ్లో జనం రకరకాలుగా ఎందుకు అంటారో లెక్కపెట్టి చూపించే పద్ధతికి దారి వేసింది అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్. 1962లో న్యూయార్క్‌లో ఖరీదైనదొకటి, మధ్యరకందొకటి, చవకదొకటి, మూడు పెద్ద షాపుల్లోకి వెళ్లి, నాలుగో అంతస్తులో దొరికే వస్తువు గురించి అడిగి, సేల్స్ వాళ్లు "ఫోర్త్ ఫ్లోర్"లో ర పలుకుతున్నారా లేదా అని పక్కకెళ్లి రాసుకున్నాడు. ఇంకోపక్క రెండో భాష నేర్చుకునేవాళ్ల మీద జరిగిన పని వేరు. 1967లో పిట్ కార్డర్ నేర్చుకునేవాళ్ల తప్పులకీ ఒక పద్ధతి ఉంటుందన్నాడు, 1972లో ల్యారీ సెలింకర్ సొంత భాషకీ నేర్చుకునే భాషకీ మధ్యలో ఉండే వాళ్ల భాషకి ఇంటర్‌లాంగ్వేజ్ అని పేరు పెట్టాడు. ఈ రెండూ చాలాకాలం ఎవరి దారిన వాళ్లు నడిచారు. కలిపి చూసినవాళ్లలో నాకు బాగా పనికొచ్చింది వేరా రీగన్. ఐర్లండ్ విద్యార్థులు ఒక ఏడాది ఫ్రాన్స్‌లో ఉండి వచ్చాక, అక్కడివాళ్లు మాటల్లో వదిలేసినట్టే వ్యతిరేకార్థంలో వచ్చే "నె"ని ఎక్కువగా వదిలేయడం ఆవిడ గమనించింది. వ్యాకరణం ప్రకారం అది తప్పు, అక్కడి జనం ప్రకారం అదే మామూలు మాట.

ఆ ఐర్లండ్ విద్యార్థులు ముందు క్లాసులో నేర్చుకుని తర్వాత వీధిలోకి వెళ్లారు. మన దగ్గర క్లాసే లేదు. జీడిమెట్లలో మిషన్ మీద పనిచేసే బిహార్ కుర్రాడికి తెలుగు నేర్పేది పక్క మిషన్ మీదున్నవాడు. నాకు ఆసక్తి పుట్టింది అక్కడే.

అయితే హైదరాబాద్‌లో హిందీతో బతికేయొచ్చు, తెలుగు రాకపోయినా పని ఆగదు. కాబట్టి తెలుగు నిజంగా మాట్లాడే బయటివాళ్లని వెతకడమే పెద్ద పనయింది. బస్తీలో ఆడవాళ్లకి చీరలు వాయిదాల మీద అమ్మేవాళ్లు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు, తెలుగు మేస్త్రీల దగ్గర చేసే టైల్స్ వాళ్లు, ఇలా దొరికారు. కూకట్‌పల్లి వైపు కొందరు, ఉప్పల్ వైపు కొందరు ఉండేలా చూసుకున్నా. కూకట్‌పల్లిలో కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ కాబట్టి వినపడే తెలుగే వేరు.

ఇక అసలు తలనొప్పి, ఏం లెక్కపెట్టాలి అనేది. చూడ్డానికి తేలికే: వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చారు ఒక వరస. వచ్చిన, వచ్చినవ్, వచ్చిండు, వచ్చిన్రు ఇంకో వరస. కానీ "ఆమె వచ్చింది" రెండు వైపులా ఒకటే, దాన్ని లెక్కలో కలిపితే మొత్తం చెడిపోతుంది, తీసేయాలి. "నేను వచ్చిన" లెక్కలోకి వస్తుంది, "నిన్న వచ్చిన మనిషి" రాదు. కంప్యూటర్‌లో వెతికితే రెండూ ఒకేలా దొరుకుతాయి, ఒక్కో వాక్యం చదివి ఏరుకోవాల్సిందే. పైగా మేస్త్రీ రాయలసీమ మనిషైతే "వచ్చినాడు" అని మూడోది తగులుతుంది.

ఇంతకన్నా చిక్కు ఇంకోటి. హిందీలో మై ఆయా, తూ ఆయా, వో ఆయా, మగవాళ్ల విషయంలో అన్నిటికీ ఒకే రూపం. అందుకని కొందరు "నేను వచ్చాడు" అంటారు. ఇది కోస్తా రూపం వాడినట్టా, లేక తెలుగు ఇంకా పట్టుబడనట్టా? ఒడియాలో మన లాగే నేను, నువ్వు, వాడు అనేదాన్ని బట్టి క్రియ చివర మారుతుంది (ఆసిలి, ఆసిలు, ఆసిలా), అందుకే ఒడియా వాళ్లని కూడా తీసుకున్నా. మా గైడ్ గారు, నేను దీని మీద చాలాసార్లు వాదించుకున్నాం. చివరికి క్రియ కర్తతో కుదిరినవి ఒక ఫైల్లో, కుదరనివి ఇంకో ఫైల్లో పెట్టాం. నన్నడిగితే పరిశోధన జరిగేది ఇలాంటి నిర్ణయాల్లోనే. తర్వాత వచ్చే స్టాటిస్టిక్స్‌ని జనం అనవసరంగా అంత గొప్పగా చూస్తారు.

మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దగ్గర పని కొన్ని నెలలు ఆగింది. సంతకం అనగానే కూలీలు భయపడతారు, ఏ కాగితమో ఏమో అని, కాబట్టి ఒప్పుకోలు రికార్డర్‌లో నోటితో చెప్పించుకుంటామని అడిగాం, ఒప్పుకున్నారు. లబోవ్ వాడిన ప్రసిద్ధ ప్రశ్న ఒకటుంది, "ఇక చచ్చిపోతాను అనిపించిన సందర్భం ఎప్పుడైనా వచ్చిందా" అని. ఆ కథ చెప్పేటప్పుడు మనిషి రికార్డర్ సంగతి మర్చిపోతాడు. ఎత్తులో పనిచేసేవాళ్లని అది అడగడం నాకు నచ్చలేదు. దాని బదులు 2020 లాక్‌డౌన్‌లో ఏం చేశారని అడిగాం. వలస కూలీలని సొంతూళ్లకి చేర్చిన శ్రామిక్ రైళ్లలో దేశంలో మొదటిది మే 1న బయల్దేరింది మన లింగంపల్లి నుంచే, జార్ఖండ్‌లోని హటియాకి. ఆ రోజుల గురించి మొదలుపెడితే ఆపరు, అంతా జరిగిపోయిన కథ కాబట్టి నాక్కావాల్సిన క్రియలే. అయితే కథ బరువెక్కిన చోట నేరుగా హిందీలోకి వెళ్లిపోయేవాళ్లు. డేటా పోతే పోయిందని ఊరుకునేవాళ్లం, అప్పుడు "తెలుగులో చెప్పు భయ్యా" అని ఎలా అంటాం?

నాది తెనాలి. నేను "ఎప్పుడు వచ్చారు" అని అడిగితే అవతలివాళ్లు "పోయినేడు వచ్చాను" అంటారు, వాళ్లు రోజూ అలా మాట్లాడకపోయినా. ఇది ముందే ఊహించిందే. అందుకే జనగామ స్నేహితురాలు ఒకామె సగం ఇంటర్వ్యూలు చేసింది. కొందరితో ఇద్దరం విడివిడిగా మాట్లాడాం. నన్ను మేడమ్ అనేవాళ్లు, ఆమెని అక్కా అనేవాళ్లు, అక్కడే సగం అర్థమైపోయింది.

రాతలోకి ఎక్కించడం గురించి ఎవరూ సరిగా హెచ్చరించరు. ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గంట రికార్డింగ్ ఎక్కించడానికి ఒక రోజు పనంతా పోతుంది, పక్కన కాంక్రీట్ మిషన్ మోగుతుంటే ఇంకా ఎక్కువ. మాటని రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ప్రయత్నించా, అది "వచ్చిన్రు" అన్నచోట శుభ్రంగా "వచ్చారు" అని దిద్ది పెట్టింది! నేను వెతుకుతున్నదాన్నే చెరిపేసింది, మళ్లీ చేత్తోనే కొట్టుకున్నా.

లెక్కలు ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో చేశా. ఒక్కటే చెప్తా, ఎవరు ఎంత మాట్లాడారో చూసుకోండి. చీరలమ్మే ఆయన ఒక్కడే ఇంకో నలుగురు మాట్లాడినంత మాట్లాడాడు. అందరివీ కలిపి శాతాలు తీస్తే అది ఆయన తెలుగే అవుతుంది. మనిషిని రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టమనేది, అంటే మనిషికీ మనిషికీ ఉండే తేడాని లెక్కలో విడిగా చూడమనేది, అందుకే.

పేపర్ ఒక పరిశోధన పత్రికకి పంపితే, దాన్ని పరిశీలించే రివ్యూయర్ ఒకరు "వీరి ప్రయోగాలను ప్రామాణిక తెలుగుతో పోల్చలేదేం" అని రాశారు. కోపం వచ్చింది కానీ ప్రశ్న పనికొచ్చింది. వీళ్లని పోల్చాల్సింది పుస్తకంతో కాదు, పక్కన పనిచేసేవాళ్లతో. ఆ తెలుగువాళ్ల రికార్డింగులు అప్పటికే ఉన్నాయి, వాటిని అనుబంధంలోంచి తీసి పేపర్ మధ్యలోకి తెచ్చా. తెలుగులో నాలుగు మాండలిక ప్రాంతాలని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఎప్పుడో చూపించారు, అయినా ఇంకా "సరైనది ఏది" అనే దగ్గరే ఆగిపోతాం. పేపర్ రెండో రౌండు పరిశీలనలో ఉంది, అందుకే ఫలితాలు ఇక్కడ రాయడం లేదు.

వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) కూడా ఎగ్జామినర్ నుంచి అదే ప్రశ్న వేరే రూపంలో వచ్చింది: "అయితే వీళ్లకి ఏ తెలుగు నేర్పాలంటారు?" ఎవరితో పనిచేస్తారో వాళ్ల తెలుగు వినిపించి మొదలుపెట్టాలి, రాతకి వచ్చేసరికి పుస్తకాల తెలుగు ఎలాగూ వస్తుంది అన్నా. ఆయన పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. డిగ్రీ మాత్రం ఇచ్చారు.

ఇప్పుడు రికార్డింగుల్లోంచి మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, కాంట్రాక్టర్ల పేర్లు తీసేస్తున్నా. అది అయ్యాక ఆ రెండో ఫైల్ తెరవాలి. "నేను వచ్చాడు"లన్నీ అందులోనే ఉన్నాయి.