మెదడు ఇన్ఫెక్షన్ మిగిల్చిన మూర్ఛ: ఆపరేషన్ ఎవరికి ఎక్కువ మేలు చేస్తుంది?

తగిన మందులు రెండింటిని సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే, దానిని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని మూర్ఛ మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ 2010లో నిర్వచించింది. మూర్ఛ ఉన్నవారిలో దాదాపు మూడోవంతు మంది ఈ కోవలోకి వస్తారు. వారిలో కొందరికి ఆ వ్యాధి ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన మెదడు ఇన్ఫెక్షన్ వల్ల మిగిలినది. మా చెల్లెలి కొడుకు ఆ కొందరిలో ఒకడు. వాడికి రెండో ఏట మెనింజైటిస్ (మెదడును కప్పే పొరల ఇన్ఫెక్షన్) వచ్చింది, బడికి వెళ్ళే వయసులో ఫిట్స్ మొదలయ్యాయి, మందులు మార్చినా ఆగలేదు. ఆపరేషన్ మాట వచ్చినప్పుడు నేను చదివి, వైద్యులను అడిగి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి పిల్లలున్న ఇళ్ళలో ఈ విషయాలు చాలా ఆలస్యంగా తెలుస్తున్నాయని నాకు బలంగా అనిపించింది.

ఇన్ఫెక్షన్‌కూ మూర్ఛకూ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా చూపిన పరిశీలన అమెరికాలోని రోచెస్టర్ ప్రాంతంలో జరిగి 1988లో వెలువడింది. మెదడు ఇన్ఫెక్షన్ నుంచి కోలుకున్నవారిలో 20 ఏళ్ళలోపు ఫిట్స్ వచ్చే అవకాశం మొత్తం మీద 6.8 శాతమని అది తేల్చింది. కానీ ఆ సగటు కన్నా దాని లోపలి తేడాలే ముఖ్యమైనవి. వైరస్ వల్ల వచ్చిన మెదడువాపులో, అంటే మెదడు కణజాలానికే సోకిన ఇన్ఫెక్షన్‌లో, జ్వరం ఉన్న రోజుల్లోనే ఫిట్స్ వచ్చినవారికి ఆ తర్వాతి ముప్పు 22 శాతం, రానివారికి 10 శాతం. బ్యాక్టీరియా మెనింజైటిస్‌లో అవే అంకెలు 13, 2.4 శాతాలు. అంటే ఏ క్రిమి సోకింది, అది పొరల దగ్గర ఆగిందా లేక మెదడు కణజాలంలోకే దిగిందా, ఆ రోజుల్లో ఫిట్స్ వచ్చాయా అన్న మూడు సంగతులు రోగి భవిష్యత్తును అప్పుడే కొంతవరకు నిర్ణయిస్తున్నాయి.

శస్త్రచికిత్స ఫలితం దగ్గరికి వచ్చేసరికి వీటికి వయసు కూడా తోడవుతుంది. ఇన్ఫెక్షన్ నాలుగేళ్ళలోపు వచ్చినవారిలో దెబ్బ తరచుగా టెంపోరల్ లోబ్ (చెవి వైపున ఉండే మెదడు భాగం) లోపలివైపు ఉండే, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ మీద పడుతుందనీ, ఆ వయసు దాటాక వచ్చినవారిలో మెదడు పైపొరలో పడుతుందనీ యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు 1992లో వివరించారు. హిప్పోక్యాంపస్ ఒకవైపే కుంచించుకుపోయి గట్టిపడితే, ఎంఆర్ఐలో అది కనిపిస్తుంది, తొలగించడానికి హద్దులు తెలుస్తాయి, ఫలితమూ బాగుంటుంది. పైపొరలో చెదురుమదురుగా ఉన్న మచ్చల సంగతి వేరు. ఫిట్స్ ఎక్కడ పుడుతున్నాయో గుర్తించడానికే కొన్నిసార్లు మెదడు లోపలికి ఎలక్ట్రోడ్లు పంపి పరీక్షించవలసి వస్తుంది. తీరా గుర్తించాక ఆ చోటు మాటనో చేతి కదలికనో నడిపే భాగానికి ఆనుకుని ఉంటే సర్జన్ పూర్తిగా తీయలేరు, కొంత మిగిలిపోయినప్పుడు ఫిట్స్ తిరిగి వచ్చే అవకాశం పెరుగుతుంది.

మెనింజైటిస్ తర్వాతి మూర్ఛ కన్నా మెదడువాపు తర్వాతి మూర్ఛలో ఆపరేషన్ ఫలితాలు తక్కువగా ఉండడానికి కారణం కూడా ఇదే. హెర్పిస్ వైరస్ టెంపోరల్ లోబ్‌లను, చాలాసార్లు రెండు వైపులా, నాశనం చేస్తుంది. మన రాష్ట్రాలకు బాగా తెలిసిన జపనీస్ మెదడువాపు లోతున ఉండే థాలమస్‌ను ఇరువైపులా దెబ్బతీస్తుంది. ఇలాంటి చోట కోసి తీయదగిన ఒక్క కేంద్రం దొరకడం కష్టం.

మన దేశంలో దీనికి మరో ముఖం ఉంది. బద్దెపురుగు గుడ్లు ఆహారం ద్వారానో మురికి చేతుల ద్వారానో కడుపులోకి చేరి, వాటి పిల్లదశ మెదడులో గూడు కట్టుకుని, చివరికి సున్నపు చుక్కగా మిగులుతుంది. అదే మనిషికి అదే వైపు హిప్పోక్యాంపస్ కూడా కుంచించుకుపోయి ఉంటే, ఫిట్స్‌కు మూలం ఆ చుక్కా, హిప్పోక్యాంపసా, లేక రెండూనా అన్నది తేల్చుకోకుండా కత్తి పట్టకూడదు. స్కాన్‌లో కనిపించినదంతా దోషి కాదు. వీడియో ఈఈజీలో (రోగిని వీడియో తీస్తూ మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష) ఫిట్ మొదలైన చోటు, ఎంఆర్ఐలోని మచ్చ, ఫిట్ వచ్చే తీరు, జ్ఞాపకశక్తి పరీక్షలు అన్నీ ఒకే చోటును చూపినప్పుడే వైద్యులు ధైర్యంగా ముందడుగు వేయగలరు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థలో 1995 నుంచి మూర్ఛ శస్త్రచికిత్సల కార్యక్రమం నడుస్తోంది. ఈ సున్నపు చుక్కల సమస్య మీద అక్కడి వైద్యులు ప్రత్యేకంగా పరిశోధించారు.

ఆపరేషన్ అంటే చివరి గతి అన్న భయం మన ఇళ్ళలో బలంగా ఉంది, దానివల్ల పిల్లలు నష్టపోతున్నారు. కెనడాలో 80 మంది టెంపోరల్ లోబ్ మూర్ఛ రోగులతో జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో, స్పృహ తప్పించే ఫిట్స్ నుంచి ఏడాది తర్వాత బయటపడినవారు ఆపరేషన్ వర్గంలో 58 శాతం, మందుల వర్గంలో 8 శాతం. ఢిల్లీ ఎయిమ్స్ 116 మంది పిల్లలతో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాది తర్వాత ఫిట్స్ లేనివారు ఆపరేషన్ వర్గంలో 77 శాతం, మందుల వర్గంలో 7 శాతం. ఇవి ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన మూర్ఛకే పరిమితమైన అధ్యయనాలు కావు, కాబట్టి ఈ అంకెలను మన పిల్లవాడికి నేరుగా అన్వయించకూడదు. అయినా ఏళ్ళు గడిపేకొద్దీ ఫలితం తగ్గే ధోరణి ఉందని, తొందరగా పరీక్షలకు వెళ్ళడమే మేలని నేను నమ్ముతున్నాను.

వెళ్ళేటప్పుడు పాత కాగితాలు తప్పక తీసుకువెళ్ళండి. మా వాడి విషయంలో వైద్యులు స్కాన్ కన్నా ముందు అడిగినది ఆనాటి డిశ్చార్జి చీటీనే: జ్వరం ఏ వయసులో వచ్చింది, వెన్ను నీటి పరీక్షలో ఏం తేలింది, అప్పుడు ఫిట్స్ ఎంతసేపు వచ్చాయి, మొదటి జ్వరానికీ తర్వాతి మూర్ఛకూ మధ్య ఎన్నేళ్ళు గడిచాయి. ఒకవేళ ఆనాటిది హెర్పిస్ మెదడువాపు అయితే ఆ సంగతి సర్జన్‌కు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అరుదుగానైనా మూర్ఛ ఆపరేషన్ తర్వాత ఆ వైరస్ మళ్ళీ విజృంభించిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఆపరేషన్ తర్వాత జ్వరం, మత్తు, కొత్తగా ఫిట్స్ కనిపిస్తే వైద్యులు ఆ కోణంలో వెంటనే ఆలోచించి ఆ వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందు మొదలుపెట్టగలగాలంటే, ఆ పాత చరిత్ర వారి చేతిలో ఉండాలి.